కంప్యూటరు ప్రాసెసరు వేగమును హెచ్చించుట: అందలి యపాయములు, జాగ్రత్తలు

ఇటీవల పైతరగతుల విద్యార్థులలో కొందఱు ఓవర్‌క్లాకింగు అను మాటను తఱచుగా పలుకుచున్నారు. ప్రాసెసరును దాని నియమిత వేగమునకు మించి నడపుటకే యీ పేరు. దీనివలన ఆటలు చుఱుకుగా నడచుననియు, వీడియోలు త్వరగా సిద్ధమగుననియు, ఇందులకు కానియైనను వ్యయము లేదనియు వారు చెప్పుకొనుచుందురు. వ్యయము లేదనుట మాత్రము నిజము కాదు. ఆ వ్యయ మెక్కడ దాగియున్నదో, దానిని తగ్గించుకొను మార్గ మెట్టిదో యీ వ్యాసమున తెలుపదలచితిమి. ఈ పని చేయుడని గాని మానుడని గాని మేము శాసింపము. చేయదలచినవారు తెలిసి చేయవలెనని మాత్రము మా కోరిక.

మొదట క్లాకు అన నేమో తెలిసికొందము. డ్రిల్లు మాష్టరుగారి యీల విని బాలురందఱును ఒక్కసారిగా అడుగు వేయుట మనము దినదినము చూచుచున్నాము. ప్రాసెసరులోని కోట్లకొలది ట్రాన్సిస్టరులకు క్లాకు అట్టి యీల వంటిది. 4 గిగాహెర్ట్జుల ప్రాసెసరులో ఈ యీల సెకనునకు 400 కోట్ల పర్యాయములు మ్రోగును. అనగా ఒక యీలకును మఱియొక యీలకును నడుమ సెకనులో 400 కోట్లవ వంతు కాలము మాత్రమే యుండును. అంత కాలములో వెలుతురు సైతము ఏడున్నర సెంటీమీటర్ల దూరమే పోగలదు. ఆ స్వల్పావకాశములో విద్యుత్సంకేతము ఒక ట్రాన్సిస్టరుల వరుసను దాటి, తన తుది విలువను చేరి, అచ్చట నిలుకడగా నుండవలెను. ఈల మఱింత వడిగా మ్రోగిన నేమగును? ముందు వరుసలోని పొడుగు బాలురు అడుగు వేయుదురు. వెనుక వరుసలోని పొట్టి బాలుని కా లింకను గాలిలోనే యుండును. అట్లే మిక్కిలి పొడవైన వరుసను దాటవలసిన సంకేతము తుది విలువను చేరకమునుపే తరువాతి యీల మ్రోగును. అప్పుడు ప్రాసెసరు ఆగిపోదు. ఆ క్షణమున అక్కడ నేది యున్నదో దానినే సత్యముగా గైకొని ముందునకు సాగును. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనిమీదనే యీ వ్యాసమంతయు నాధారపడియున్నది.

వేగమును నిర్ణయించు పద్ధతి సులభమైనదే. మదర్‌బోర్డులో సాధారణముగా 100 మెగాహెర్ట్జుల మూలస్పందన యొకటి యుండును. ప్రాసెసరు దానిని ఒక సంఖ్యచేత గుణించుకొనును. గుణకము 40 అయినచో 4000 మెగాహెర్ట్జులు, 42 అయినచో 4200 మెగాహెర్ట్జులు. కంప్యూటరు వెలిగినతోడనే పనిచేయు బయోస్ అను నేర్పాటులో ఈ గుణకమును మార్చుటే నేటి ఓవర్‌క్లాకింగు.

ఒక్క పలకమీద ఒకేసారి తయారైన చిప్పు లన్నియు సమానముగా నుండవు. ఒక చెట్టు కాయలలో కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి యగునట్లు, కొన్ని చిప్పులు హెచ్చు వేగమునకు తాళును, కొన్ని తాళవు. తయారుచేయువారు వానిని పరీక్షించి, తరగతులుగా విడదీసి, వేడి గదిలోను, వోల్టేజి కొంత తగ్గినప్పుడును, కొన్నియేండ్ల వాడుక తరువాతను గూడ తప్పు లేకుండ నడచునట్టి వేగమును వానికి నిర్ణయింతురు. నిర్ణయించిన వేగమునకును చిప్పుయొక్క యసలు శక్తికిని నడుమ నొక యెడ మిగులును. ఓవర్‌క్లాకింగు చేయువాడు వాడుకొనునది ఈ యెడమునే. అది వృథాగా పడియున్న ధనము కాదు; చెడుదినముల కని దాచియుంచిన ధనము.

ఈ పనికి చరిత్ర లేకపోలేదు. 1984లో వెలువడిన ఐ.బి.యం. వారి ఏ.టి. యను కంప్యూటరు 6 మెగాహెర్ట్జులతో నడచెడిది. కొందఱు దానిలోని స్ఫటికమును పెఱికి వేఱొక స్ఫటికమును గ్రుచ్చి 8 మెగాహెర్ట్జులతో నడపిరి. అయినను పేరుపొందిన యుదాహరణము 1998 సంవత్సరపు ఇంటెల్ సెలెరాన్ 300ఏ. దాని మూలస్పందన 66, గుణకము నాలుగున్నర. వేగము 300 మెగాహెర్ట్జులు. గుణకమును మార్చుటకు వీలు లేకుండ బంధించిరి గాని మూలస్పందనను 66 నుండి 100 కు మార్చినచో 450 మెగాహెర్ట్జు లయ్యెడిది. ఆనాటి పెంటియం-2 లో మేలైన దాని వేగమును అంతియే. వెల మాత్రము అనేక రెట్లు హెచ్చు. నూటికి ఏబది వంతుల లాభము! ఈ కథ విన్నవారికి నోరూరుట సహజమే.

అయితే ఆ కథలో నొక రహస్య మున్నది. మూలస్పందన హెచ్చినప్పుడు దానితో ముడిపడిన యితర భాగముల వేగమును హెచ్చును. ఆనాడు హార్డు డిస్కు మొదలగువానికి సంబంధించిన మార్గము 33 మెగాహెర్ట్జులతో నడువవలెను. 100 ను మూడుచేత భాగించు నేర్పాటు బోర్డులో నుండుటచే, 100 వద్ద ఆ మార్గము 33 గానే నిలిచెను. కాని కొందఱు 100 కు భయపడి, నడిమిదైన 83 మేలని తలచిరి. 83 ను రెండుచేతనే భాగించుటవలన ఆ మార్గము 41 దాటెను. డిస్కుమీది పత్రములు చెడిపోవుచువచ్చెను. తక్కువ సంఖ్యయే హెచ్చు ప్రమాదకర మయ్యెను. సంఖ్యను మాత్రము చూచి, దానివెంట నింకేమి కదలుచున్నదో చూడనివారికి ఇట్టి ఫలమే కలుగును.

నేడు సెలెరాన్ వంటి లాభ మాశించుట కేవలము భ్రమ. ఇప్పటి ప్రాసెసరులు తమ వేడిని, విద్యుత్తును తామే కొలుచుకొనుచు, వీలున్నంతవఱకు తామే వేగమును హెచ్చించుకొనుచున్నవి. మిగులు యెడములో చాలభాగమును తయారుచేయువారే వాడుకొనిరి. మనకు మిగిలినది నూటికి కొలది వంతులు మాత్రమే. ఆ కొలది వంతులకై యెంత చెల్లింపవలెనో యిక చూతము.

సంకేతములు త్వరగా చేరవలెనన్న వోల్టేజిని హెచ్చింపవలెను. ప్రాసెసరు వాడుకొను విద్యుచ్ఛక్తి, వేగమును, వోల్టేజియొక్క వర్గమును గుణించిన లబ్ధమునకు అనులోమముగా నుండునని భౌతికశాస్త్రమున చదివెదము. వేగమును నూటికి పది, వోల్టేజిని నూటికి పది హెచ్చించితి మనుకొందము. 1.1 ను మూడుమాఱులు గుణించిన 1.331 వచ్చును. అనగా 100 వాట్లు వాడు ప్రాసెసరు ఇప్పుడు 133 వాట్లు వాడును. పని పది వంతులు, వేడి ముప్పదిమూడు వంతులు! పైగా వేడి హెచ్చినకొలది ట్రాన్సిస్టరులనుండి వృథాగా కారిపోవు విద్యుత్తును హెచ్చి, అది మరల వేడిని పెంచును.

మన దేశపు టెండలను గూడ ఇచ్చట లెక్కింపవలెను. పంకా ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లగా చేయజాలదు. గది వేడిమి 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 75 డిగ్రీలలో నిలిచిన, గది 40 అయినప్పుడు అదే పనికి అది రమారమి 90 కి చేరును. శీతలదేశములవారు తమ గదులలో పరీక్షించి ప్రకటించిన సంఖ్యలను రెంటచింతలలోనో రామగుండములోనో వేసవిని వాడుట తగదు. సంక్రాంతి సెలవులలో నిర్దోషముగా నడచిన యేర్పాటు, రోళ్లు పగులు రోహిణికార్తెలో తడబడిన ఆశ్చర్య మేమి?

వేడి మిక్కుట మైనచో ప్రాసెసరు కాలిపోవునని కొందఱి భయము. ఇప్పటి ప్రాసెసరులు చాలవఱకు 95 లేక 100 డిగ్రీల వద్ద తమ వేగమును తామే తగ్గించుకొనును. అంతకు మించినచో ఆరిపోవును. కావున హఠాత్తుగా కాలుట యరుదు. అధిక వోల్టేజివలన కలుగు జరాభారమే యసలు చింతింపవలసినది. చిప్పులోని సన్నని లోహపు తీగెలలో విద్యుత్తు ప్రవహించునప్పుడు ఎలక్ట్రానుల తాకిడికి లోహపు పరమాణువులు కొంచెము కొంచెముగా కదలిపోవును. కొన్నియేండ్లకు ఒకచోట తీగె సన్నబడి తెగును, వేఱొకచోట గుబ్బకట్టి ప్రక్క తీగెను తాకును. దీనిని ఎలక్ట్రోమైగ్రేషను అందురు. ప్రవాహసాంద్రతకును ఉష్ణోగ్రతకును తీగె యాయువునకును గల సంబంధమును తెలుపు సూత్రమును జేమ్స్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు 1969లో ప్రకటించెను. వేడి కొంచెము హెచ్చినను ఆయువు చాల తఱుగునని ఆ సూత్రమువలన తేలుచున్నది.

దృష్టాంతములు పెక్కు గలవు. 2002లో వచ్చిన నార్త్‌వుడ్ అను పెంటియం-4 చిప్పులకు ఒకటిన్నర వోల్టు చాలును, 1.7 వోల్టులకు పైగా నిచ్చినవారి చిప్పులు కొన్ని కొలది మాసములలోనే మరణించెను. 2023లో ఏ.యం.డి. రైజెన్ 7000 వరుసలోని కొన్ని చిప్పులు అధిక వోల్టేజివలన కాలగా, ఆ కంపెనీవారు అందలి యొక వోల్టేజిని 1.3 కు మించనీయకుండ కట్టడి చేయించిరి. 2024లో ఇంటెల్ వారి 13వ, 14వ తరముల డెస్కుటాపు చిప్పుల విషయము మఱింత శోచనీయము. వానిని కొన్నవారిలో చాలమంది ఓవర్‌క్లాకింగు చేసినవారు గారు. చిప్పు తనంతట తానే కోరుచువచ్చిన హెచ్చు వోల్టేజివలన లోపలి క్లాకు వలయము ముదిసిపోయి, పూర్వము చాలిన వోల్టేజి తరువాత చాలక తప్పులు కలిగెను. ఇంటెల్ వారు చిప్పు లోపలి సూచనలను సవరించి, వారంటీని మఱి రెండేండ్లు పొడిగించిరి. సవరణము ముందు జరుగబోవు ముదిమిని ఆపును గాని జరిగినదానిని మరలింపజాలదు. తయారుచేసినవారికే యెడముయొక్క హద్దు తప్పిన యీ విషయమున మనము ఊహమీద వోల్టేజి పెంచుట యెంత సాహసమో చదువరులే యూహింపగలరు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. చిప్పు కాలినచో నష్టము ధనము మాత్రమే; కాలినదని మనకు తెలియును గూడ. కాలకయే, ఆగకయే, తప్పు చెప్పు చిప్పు అంతకంటె నపాయకరము. పొట్టి బాలుని కాలు గాలిలో నుండగా మ్రోగిన యీల సంగతి ముందే చెప్పియుంటిమి. ఒకటి యుండవలసినచోట సున్న పడును. ఆ యంకె ఆటలోని యొక బొమ్మ రంగునకు చెందినదైనచో ఎవరికిని హాని లేదు. అదియే యొక మార్కుల పట్టికలోనిదో, ఒక చిట్టాలోనిదో, డిస్కుమీద వ్రాయబడుచున్న పత్రములోనిదో యైనచో? కంప్యూటరు ఎఱ్ఱదీపము వెలిగింపదు, గంట కొట్టదు. తప్పుటంకెను ఒప్పుటంకె వలెనే చక్కగా వ్రాసి ఊరకుండును. తరువాత మనము వేగమును తగ్గించి యథాస్థితికి తెచ్చినను, అప్పుడు వ్రాయబడిన తప్పు డిస్కుమీద నట్లే నిలిచియుండును.

ఒక్క తప్పుటంకె యెంత గుట్టుగా నుండునో 1994లో బయల్పడిన పెంటియం చిప్పు లోపమువలన లోకమునకు తెలిసెను. అది ఓవర్‌క్లాకింగు వలన గాక నిర్మాణదోషమువలన కలిగినది. 4195835 ను 3145727 చేత భాగించిన 1.33382 రావలెను, ఆ చిప్పు 1.33374 అని చెప్పెడిది. లక్షలకొలది జనులు దానిని వాడుచున్నను, గణితశాస్త్రాచార్యుడొకడు తన లెక్కలు పొసగక శ్రమపడి వెదకిన తరువాతనే దోషము బయటపడినది. ఈ లోపమైనను ఎప్పుడును ఒకే లెక్కకు ఒకే తప్పు చెప్పెడిది. వేగము మించిన చిప్పు అట్లు గాదు. నేడు ఒప్పు, రేపు తప్పు, గది చల్లబడిన మరల ఒప్పు.

మైక్రోసాఫ్టు కంపెనీలో పనిచేసిన రేమండ్ చెన్ అను నతడు 2005లో వ్రాసిన సంగతి యిచ్చట స్మరింపదగినది. వారి కార్యక్రమము లాగిపోయినప్పుడు వచ్చు నివేదికలను పరిశీలింపగా, కొన్ని ఏవిధముగను సంభవింప వీలులేనివిగా కనబడెను. ఒక చిన్న పెట్టెను సున్న చేయుమను ఆజ్ఞ తప్పిపోయినదట! ఆ కంప్యూటరుల యజమానులను విచారింపగా అనేకములు ఓవర్‌క్లాకింగు చేసినవని తేలెను. చిత్ర మేమనగా, కొందఱు యజమానులకు ఆ సంగతియే తెలియదు. దుకాణదారు తక్కువ చిప్పును వేగము పెంచి అమ్మియుండెను. 2011లో అదే కంపెనీ పరిశోధకులు రమారమి పదిలక్షల కంప్యూటరుల నివేదికలను శోధించి, వేగము పెంచినవి అనేక రెట్లు తఱచుగా తప్పుచున్నవనియు, నియమిత వేగమునకు తగ్గించి నడపినవి మఱింత నమ్మకముగా నున్నవనియు ప్రకటించిరి.

తప్పు తన పేరు చెప్పుకొనదు. పైన చెప్పిన 2024 నాటి ఇంటెల్ చిప్పులు గల కంప్యూటరులలో కొన్ని ఆటలు వీడియో మెమొరీ చాలదని చెప్పి ఆగిపోయెడివి. గ్రాఫిక్సు కార్డునందు దోష మేమియు లేదు. కుదించిన పత్రములను విప్పుటలో ప్రాసెసరు తప్పుచుండెను. పాపము నిర్దోషియైన కార్డును మార్చినవారికి ఫలము దక్కలేదు.

కావున పరీక్ష యనగా కంప్యూటరు వెలిగినదా, ఆట నడచినదా యని చూచుట కాదు. జవాబు ముందే తెలిసిన లెక్కలను దానిచేత గంటలకొలది చేయించి, జవాబులను సరిచూచుటయే పరీక్ష. మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై జార్జి వోల్ట్‌మన్ రచించిన ప్రైమ్95 అను కార్యక్రమమున ఇట్టి పరీక్ష గలదు. అది ప్రాసెసరును మిక్కిలి శ్రమపెట్టి, వచ్చిన ఫలమును తెలిసిన ఫలముతో పోల్చి, భేద మున్న వెంటనే చెప్పును. మెమొరీకి మెమ్‌టెస్టు86 అను వేఱొక పరీక్ష యున్నది.

ఇక ఆచరణవిధానము. బల్లకంప్యూటరుకే యీ పని పూనుకొనవలెను. ల్యాప్‌టాపులో వేడి పోవుటకు చోటు చాలదు. పాఠశాల కంప్యూటరును గాని, ఇంట లెక్కలు వ్రాసికొను కంప్యూటరును గాని ముట్టరాదు. ఇంటెల్ చిప్పులలో పేరు చివర కే యను అక్షరమున్నవి, జడ్ తరగతి బోర్డులో నున్నప్పుడే గుణకమును మార్చనిచ్చును. ఏ.యం.డి. రైజెన్ చిప్పులు చాలవఱకు ఒప్పుకొనును గాని వారి ఏ తరగతి బోర్డు లొప్పుకొనవు. ఓవర్‌క్లాకింగు వలన కలిగిన నష్టమునకు వారంటీ వర్తింపదని యుభయ కంపెనీలును చెప్పుచున్నవి. తలిదండ్రుల ధనముతో కొన్న వస్తువైనచో ఈ మాటను వారికి ముందే చెప్పుట ధర్మము.

పత్రములన్నిటికిని ప్రతులు తీసి, ఆ డిస్కును విడదీసి వేఱుగా నుంచవలెను. ఇది మొదటి పని. చాలమంది దీనిని కడపట తలచుకొందురు. పిమ్మట బయోస్‌లోని తొలి విలువలన్నిటిని కాగితముమీద వ్రాసికొనవలెను. పంకాలోని దుమ్ము దులిపి, ప్రాసెసరునకును హీటుసింకునకును నడుమ నెండిపోయిన లేపనమును తుడిచి, శనగగింజంత క్రొత్త లేపనము పెట్టవలెను. అటుపిమ్మట ఏ మార్పును చేయకయే పరీక్ష నడపవలెను. నియమిత వేగమునందే తప్పు వచ్చినచో, లేదా వేడి హద్దును తాకినచో, ఆ కంప్యూటరునకు వైద్యము కావలెను గాని వేగము కాదు.

అన్నియు సరిగా నున్నచో గుణకము నొక్క మెట్టు, అనగా 100 మెగాహెర్ట్జులు, పెంచి ఇరువది నిమిషములు పరీక్షింపవలెను. ఒకసారికి ఒక్క మార్పే. రెండు మార్పులు కలిపి చేసినవానికి తప్పు దేనివలన వచ్చినదో యెన్నటికిని తెలియదు. మెమొరీ వేగమును పెంచు ఎక్స్.యం.పి. మొదలగు నేర్పాటులును ఓవర్‌క్లాకింగే కావున, ప్రాసెసరు పరీక్ష ముగియువఱకు వానిని మాన్పవలెను. వోల్టేజిని బోర్డు ఇష్టమునకు విడువరాదు. గుణకము పెరిగినప్పుడు కొన్ని బోర్డులు అడుగకయే అక్కఱకు మించిన వోల్టేజి నిచ్చును. ఉష్ణోగ్రతను, వోల్టేజిని కండ్ల యెదుట కనబడు నేర్పాటు చేసికొని ప్రతి మెట్టునను వ్రాసికొనవలెను.

మొదటి తప్పు కనబడిన మెట్టే హద్దు. ఇచ్చట రెండు దారులున్నవి. వోల్టేజిని కొంచెము పెంచి ముందునకు పోవుట యొకటి. రెండు మెట్లు దిగి నిలుచుట రెండవది. మా మతము రెండవదే. ఒక్క మెట్టు దిగిన చాలదా యని యడుగుదురేమో. ఇరువది నిమిషముల పరీక్షలో కనబడని తప్పు ఇరువది గంటలలో కనబడవచ్చును. వేసవియు, ముదిమియు గూడ ఆ రెండవ మెట్టులోనే యిమిడియున్నవి. మొదటి దారిని పోదలచినవారు వోల్టులో నూఱవ వంతు చొప్పున మాత్రమే పెంచుచు, చిప్పునకు తయారీదారు చెప్పిన హద్దును దాటకుండ, మన దేశమున వేసవి పగటివేళ పరీక్షలో 85 డిగ్రీలు మించకుండ చూచుకొనవలెను.

నిలిచిన మెట్టునందు ఒక రాత్రి యంతయు పరీక్ష నడపవలెను. కరెంటు నిలుకడగా నున్న రాత్రి యైన మేలు. తెల్లవాఱిన పిమ్మట పరీక్ష ఫలమునే గాక, విండోసులోని సంఘటనల చిట్టాను గూడ తెఱచి డబ్ల్యు.హెచ్.ఇ.ఏ. అను పేరిట వ్రాతలేమైన నున్నవేమో చూడవలెను. ప్రాసెసరు తప్పి, తానే దిద్దుకొన్న తప్పులును అందు నమోదగును. దిద్దబడినది గదా యని యుపేక్షింపరాదు. దిద్దబడని తప్పు దాని వెనుకనే వచ్చుచుండును. వేసవి రాగానే ఈ రాత్రి పరీక్షను మరల చేయవలెను. ఆపై ఆఱు మాసముల కొకమాఱు.

మార్పు శ్రుతిమించి కంప్యూటరు వెలుగకున్న భయపడనక్కఱలేదు. తీగెను గోడనుండి ఊడదీసి, బోర్డుమీదనున్న నాణెమువంటి బ్యాటరీని తీసి, కొన్ని నిమిషములు తాళి మరల పెట్టిన, బయోస్ తన తొలి విలువలకు మరలును. గడియారమును తేదీని దిద్దుకొనవలసియుండును. పిమ్మట ముందు వ్రాసికొన్న కాగితమును ప్రక్కన పెట్టుకొని విలువలను ఒక్కొక్కటిగా సరిచూచి, తప్పుడు వేగముతో నడచిన కాలమున వ్రాయబడిన పత్రములను విడదీసియుంచిన ప్రతులతో పోల్చి, భేదమున్నవానిని ప్రతులనుండియే తిరిగి తెచ్చుకొనవలెను.